స్వాపు

శుక్రవారం సంతలో ఏడు దీనార్లకు బేరమాడి
బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినాడు ఓబులేసు
ఒక పాత డబ్బా కంప్యూటరు, హసావిలో మా గదికి.
మూత విప్పితే
కువైట్ ఇసకంతా దాని కడుపులోనే ఉంది.
ఏసీ మెకానిక్కు కదా, బ్లోయరు పెట్టి ఊదినాడు.
గదంతా తుమ్మింది.

లోపలి విండోసు నీలంగా బిగుసుకుని చచ్చిపోయింది.
కొత్తది కొనే దుడ్లకు
ఇట్లాంటి డబ్బాలు ఇంకో నాలుగొస్తాయి.
"ఊరికే ఇచ్చేదొకటుందంట, లినక్సు" అన్నాడు గంగులప్ప.
"ఊరికే వచ్చేది ఈ దేశంలో ఎండొక్కటే" అన్నాన్నేను.
బకాలా పక్కన మొబైల్ కొట్టులో మలయాళీ పిల్లోడు
పెన్‌డ్రైవులో ఎక్కించిచ్చి
చాయి కూడా వాడే తాగించినాడు.

రాత్రి పదకొండుకు మొదలుపెట్టినాం.
డిస్కును ఎన్ని పార్టిషన్లు చేయాలని అడుగుతుంది అది.
మమ్మల్నా అడిగేది?
ఒక హాలును ప్లైవుడ్డుతో నాలుగు ముక్కలు చేసి
ముక్కకు ముప్పై ఐదు దీనార్లు గుంజే
మా మేస్త్రీని అడగాల.

పిల్లోడు చీటీ రాసిచ్చినాడు:
రూటుకు ఇరవై, స్వాపుకు రెండు.
హోముకు ఎంతో రాయలేదు.
"ఖర్చులు పోను మిగిలింది ఇంటికే కదప్పా"
అన్నాడు ఓబులేసు, నవ్వకుండా.

స్వాపంటే ఏందో తెలీక ఫోను కొట్టినాం.
"మెమొరీలో చోటు చాలకపోతే
పనిలేని వాటిని కాసేపు పండబెట్టే తావు"
నిద్రమత్తులో, వచ్చీరాని తెలుగులో చెప్పినాడు.

అందరం మంచం దిక్కు చూసినాం.
పగలు మస్తాన్‌వలిది, రాత్రి నాది.
వాడు బేకరీ నుంచి వచ్చేసరికి దాంట్లో నా వెచ్చదనం,
నేను కారు పెట్టి వచ్చేసరికి దిండు మీద వాడి మైదాపిండి.
రెండేండ్లయింది.
వాని మొగం కంటే వాని తలనూనె వాసనే
నాకు బాగా తెలుసు.

నాలుగున్నరకు ఐపోయింది.
వైఫై మాత్రం పట్టలేదు.
ఎన్నిసార్లు ఆపి వేసినా పట్టలేదు.
తలుపు చప్పుడు. మస్తాన్‌వలి, సంచిలో వేడి ఖుబ్జు.
"వచ్చిందా?"
"వచ్చింది. నెట్టు రాదు."
"ఇంకేం చేస్తాది మరి?"

తెల్లపేజీ ఒకటి తెరిచినాం.
ఏం రాయాల్నో ఎవరికీ తోచలేదు.
ఏడో తరగతిలో బడి మానేసిన గంగులప్ప
ఒంటివేలితో ఎతికి ఎతికి కొట్టినాడు:
గ్యాసు. మస్తాను బాకి. ముక్కాలు దీనారు.

మస్తాన్‌వలి రెండుసార్లు చదువుకున్నాడు.
చొక్కా విప్పకుండానే మంచమెక్కి
అటు ఇటు తడిమి, లేచి కూచున్నాడు:

"ఈపొద్దు సల్లగా ఉందేమప్పా!"