కారణం గడి

తెల్లారగట్ల నాలుగింటికి తౌడమ్మ ఫోను.
"బాబూ, అరిసినాది. రెండుపాలి అరిసినాది.
బేగి రా."

పద్నాలుగు నెలలుగా అరవని గేదె.
బండి వెనక నత్రజని క్యాను కట్టుకుని
సరుగుడు తోటల మధ్య ఇసుక దారిన పడ్డాను.
మూత సందులోంచి తెల్లటి పొగ.
లోపల మంచులో నిద్రపోయే దున్నపోతులు.
పేర్లు తెలీవు నాకు, నెంబర్లే తెలుసు.

ఇరవై రెండేళ్లు ఇదే పని.
గరికివలసలో ఏ గేదె ఎదకొచ్చిందో
ఇంటివాళ్లతో పాటు నాకే తెలిసేది.
కార్తీకంలో ఊపిరాడేది కాదు,
ఒక పూటకి ఐదు ఊళ్లు, తొమ్మిది సూదులు,
దారిలో ఎవరో ఒకరు పోసే చోడి అంబలి.
ఇప్పుడు రిజిస్టరు నిండా
"చూడి కట్టలేదు."

మేత బయలు కంచె లోపలికి పోయింది.
ఎండుగడ్డి, అదీ లెక్కపెట్టి.
కడుపు నిండని ఒళ్లు
ముందుగా మానేసేది రేపటి పని.
పెద్ద డాక్టరు చెబితే నాకు అర్థమైనంత:
మెదడు అండాశయానికి చీటీ రాస్తుంది,
ఆకలైతే రాయదు.
అది పొదుపు. తప్పుపట్టలేం.

గెడ్డ సంగతి వేరు.
మందుల కంపెనీ వెనక గోడ దాటాక
పగలొక రంగు, రాత్రొక రంగు.
అందులో ఏముందో నాకు తెలీదు.
సీసాలో పట్టి శ్రీకాకుళం పంపిన నీళ్లకి
ఇంకా జవాబు లేదు.
కానీ ఎవరూ రాయని చీటీలేవో
ఒంట్లోకి వస్తున్నట్టుంది,
అచ్చం అదే దస్తూరీతో.
నమ్మేసి, గర్భసంచి
ఎదురుచూస్తూ కూర్చున్నట్టుంది.

దాలినాయుడి బాతులు తోలుగుడ్లు పెడుతున్నాయి,
పట్టుకుంటే వేలు దిగిపోతుంది.
ఈ ఏడు తొలివానకి కప్పలు అరవలేదు.
ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.
బాగా నిద్ర పట్టిందన్నారు.

వాకిట్లో తౌడమ్మ, చేతిలో ఫోను లైటు.
గేదె తోక పక్కకి పెట్టలేదు.
తీగ లేదు, వాపు లేదు.
తొడుగు వేసుకుని లోపల చూశాను:
అండాశయం సెనగ్గింజంత,
ఏ గుర్తూ లేకుండా నున్నగా.

పక్కన గోలెం నిండా నీళ్లు.
మీద నూనెలాంటి పొర,
మూతి ముట్టిన జాడ లేదు.
"బోరు సెడిపోనాది.
నిన్న గెడ్డ నీల్లే తెచ్చినాం బాబూ."

నా తాగే సీసా తీసి బొచ్చెలో వంపాను.
ఒక్క గుక్క.
తలెత్తి, ఖాళీ బొచ్చె మీదుగా నన్ను చూసి
మళ్లీ అరిచింది.
ఎద కాదది. దాహం.

తౌడమ్మ ఏమీ అనలేదు.
కొంగు ముడి విప్పి నోటు తీసింది,
నేను చెయ్యి చాపకపోతే
అలాగే పట్టుకు నిలబడింది చాలాసేపు.

రిజిస్టరులో కారణం గడి వేలెడు వెడల్పు.
"మేత లోపం" సరిగ్గా పడుతుంది.
గెడ్డ పట్టదు.
గీత దాటించి, పక్క గడిలోకి,
దాని పక్క గడిలోకి రాసుకుంటూ పోయాను.
సంతకానికి చోటు మిగల్లేదు.