సగం హాజరు

పద్దెనిమిది అడుగుల లోతున
జేసీబీ పన్ను దేన్నో కొరికి ఆగింది.
రాయి మోత కాదది. రాయైతే పళ్ళు నూరుతుంది.
ఇది పూడిపోయిన బావిలో బిందె తగిలినట్టు
ఒక్కసారి ఖంగుమని ఊరుకుంది.

తెల్లవారి నాలుగు. బెంగళూరు, కృష్ణరాజ మార్కెట్టు.
పైన కనకాంబరాల మూటలు దింపుతున్నారు.
కింద మెట్రో గుంతలో ముప్పై ఒక్క మంది.
వీరేశుకి జ్వరం, తమ్ముడొచ్చాడు,
నా పుస్తకంలో మాత్రం వీరేశే ఉన్నాడు.

కుర్మమ్మ దిగి కొంగుతో తుడిచింది.
మారేడుకాయంత ఇనుప గుండు.
పొరలు పొరలుగా తుప్పు రాలుతుంటే
"ముసల్దాని మడిమె లెక్కుంది" అంది.
చేత్తో ఎగరేసి బరువు చూసింది,
నమ్మకం చాలక
మెట్లెక్కి ఉల్లిగడ్డల మండీకి మోసుకుపోయింది.
నిద్రకళ్ళతోనే తూచాడు తమిళాయన:
ఐదు కిలోల నాలుగొందలు.
"ఉల్లిగడ్డలైతే నూటయాభై పలుకుతుండె.
దీనికేమిస్తరు?"

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు.
మట్టిలారీలో పారెయ్యండి, ఎవరికైనా తెలిస్తే పని ఆగుతుంది.
అప్పటికే సైటు ఇంజినీరు, మండ్య కుర్రాడు,
ఫోటో తీసి ఎవరికో పంపేశాడు.

మనం నిలబడ్డది అగడ్త కడుపులో, అన్నాడు వాడు.
పదిహేడొందల తొంభై ఒకటి, మార్చి.
ముందు పేట పడింది,
ముళ్ళకంచె దాటి, తలుపు పగలగొట్టి.
తర్వాత రెండు వారాలు ఫిరంగులు కోటగోడని నమిలాయి.
వెన్నెల రాత్రి, గండిలోంచి ఎక్కింది కంపెనీ.
ఇంకో ఎనిమిదేళ్ళకి శ్రీరంగపట్నం.
ఆ మాట దగ్గర వాడి గొంతు
సొంత తాతకి పాడె పట్టినట్టు వంగింది.

నాకూ కొంచెం తెలుసని చెప్పాలి కదా,
మడకశిర కాలేజీలో చరిత్రే చదివాను.
కంపెనీ సిపాయిల్లో మనవాళ్ళు చాలామందట, అన్నాను,
తెలింగాలనేవారట.
గోడ లోపల మగ్గాల దగ్గర కూడా
తెలుగు మాట్లాడినవాళ్ళుండే ఉంటారు.

కుర్మమ్మ తలెత్తలేదు. గోరుతో తుప్పు గీకుతోంది.
"కొట్లాడినోళ్ళ సంగతి ఉండనీ సారూ.
ఈ కందకం తవ్విందెవరు?"

కన్నడంలో అడిగాను. కుర్రాడు ఫోనులో వెతికాడు.
కట్టించినవాళ్ళున్నారు.
పడగొట్టినవాళ్ళున్నారు.
గండి పక్కన పలకరాయి కూడా ఉంది.
ఇంకా కిందికి జరిపాడు, ఇంకా కిందికి.
తర్వాత ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మావోల్లే అయ్యుంటరు" అంది కుర్మమ్మ,
ఎక్కడో మరిచిన తట్టని గుర్తుపట్టినట్టు.
"గీ గోడ సూడు. గిట్ల వాలుగ, మెట్టు మెట్టు కోసిండ్రు.
మా నాయిన మక్తల్ల చెర్వుకట్ట గిట్లనే కోస్తుండె."
టార్చి వేసి చూశాను.
ఎర్రమట్టిలో పార దెబ్బలు,
అరచెయ్యంత వెడల్పు, ఒకదాని కింద ఒకటి.
మూడు నెలలుగా రోజూ ఆ గోడ పక్కనుంచే దిగుతున్నాను.

పదింటికి ఆఫీసర్లొచ్చారు.
బాలింత గదిలోకి వచ్చినట్టు చేతులు కడుక్కుని
గుండుని ముట్టుకున్నారు, దూదిలో చుట్టారు,
టేపు పట్టి కొలిచారు, తెల్లకారు ఎక్కించారు.
గోడని ఎవరూ కొలవలేదు.
మర్నాడు పొద్దున జేసీబీ దాన్ని గంటలో తినేసింది.

ఆ రోజుకి పని ఆగిపోయింది కదా.
రెండొందల ఏళ్ళ నాటి ముట్టడిలో
చివరి నష్టం నేనే రాశాను, నీలం సిరాతో:
ముప్పై ఒక్క మందికి సగం హాజరు.
కుర్మమ్మ ఏదో అడగబోయి
ఏడ్చే పిల్లాడి వైపు తిరిగింది.

సాయంత్రం వేలిముద్రలు.
సిరా డబ్బా మూత నేనింకా తియ్యకముందే
ఆమె బొటనవేలు కాగితం మీద పడింది.
గీతలన్నీ స్పష్టంగా, ఇటిక రంగులో, తుప్పు.
చెల్లదన్నాను.
తుడుచుకుని మళ్ళీ వెయ్యమన్నాను.