లేపగలిగినంత బరువు

మూడు బళ్లు నిలబెట్టాడు అన్సెల్మో, గోడ నీడలో.
బయ్యెనార్‌లో మధ్యాహ్నం పూట నీడంటే
నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నంతే.

రాగి గని వంటశాలలో ఇరవై రెండేళ్లుగా వంటమనిషిని.
నా కిటికీలోంచి కనిపించే కొండ మీద
ప్రతి ఆదివారం ఎవరో ఒకరు దుమ్ము లేపుకుంటూ పోతారు.
చిక్కుడు గింజలు ఉడికేలోగా
ఆ దుమ్మును ఎంత చూశానో లెక్కలేదు.
ఈ ఏడు ఎందుకో, చూసింది చాలనిపించింది.
అంతకు మించి కారణం అడక్కండి,
మా అక్క అడిగితేనే చెప్పలేకపోయాను.

మొదటిది ఎర్రది. నాలుగు వందల యాభై సీసీ.
ఎక్కి కూచుంటే కాళ్లు గాల్లో వేలాడాయి,
మంగలి కుర్చీలో కూచోబెట్టిన పసిపిల్లకి మల్లే.
మా అక్క కొడుకు లౌతారో కళ్లు మెరిశాయి.
"పెద్దదే తీసుకో పిన్నీ, నేర్చుకునేకొద్దీ సరిపోతుంది."
ఎదిగే పిల్లలకి ఓ సైజు పెద్ద గౌను కొంటాం, నిజమే.
నలభై ఆరు దాటాక నేనింకెటు పెరుగుతాను నాయనా,
అడ్డంగా తప్ప?

రెండోది నూట పాతిక. టూ స్ట్రోక్.
కిక్ కొట్టగానే కీచుమని లేచింది,
మాడిన నూనె వాసన, నీలం పొగ,
ఆ వాసనకి మాత్రం నేను కొత్తదాన్ని కాను.
కానీ దానికి మధ్యస్థం తెలియదు.
కాసేపు సణుగుతుంది, ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది.
అలాంటి స్టవ్వు ఒకటి ఉండేది మా దగ్గర.
నా కనుబొమలు రెండుసార్లు మొలిచాయి.

మూడోదాన్ని మేమిద్దరం చూడనే లేదు.
రెండు వందల ముప్పై. ఒకప్పుడు తెల్లది.
సీటు చిరుగుకి నల్ల టేపు. బటన్ నొక్కితే స్టార్టవుతుంది.
చప్పుడు కూడా పెద్దగా ఏమీ లేదు,
మూత పెట్టిన కుండలో సన్న సెగ మీద కుతకుత.
రెండు పాదాలూ నేలకి ఆనాయి, మడమలతో సహా.
"అది పిల్లల బండి" అన్నాడు లౌతారో మెల్లగా,
నాకు వినపడేంత మెల్లగా.

అన్సెల్మో ఏమీ అనలేదు.
ఎర్రదాని హేండిల్ పట్టుకుని
నిద్రపోతున్న బిడ్డని దించినట్టు
మట్టిలో పక్కకి పడుకోబెట్టాడు.
"లేపు" అన్నాడు.

అరవై లీటర్ల సూపు డేగిసా దించేదాన్ని నేను.
నడుముతో కాదర్రా, మోకాళ్లతో, అని
కొత్తగా చేరిన పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో.
సీటుకి వీపు ఆనించి, కిందికి వంగి, వెనక్కి నడిచాను.
సగం లేచింది. చక్రం జారింది. మళ్లీ పడుకుంది.
ఇంకోసారి. సగమే.
లౌతారో సాయానికి రాబోతే
ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు:
"కొండ మీద నువ్వుంటావా?"

తర్వాత ఆ తెల్లదాన్ని పడుకోబెట్టాడు.
అది లేచింది.
తేలిగ్గా ఏం కాదు. ఒక మాట కూడా అన్నాను,
ఇక్కడ రాయను.
కానీ లేచింది.

ఉన్న డబ్బులో మూడో వంతు
బూట్లకీ హెల్మెట్‌కీ తీసి పక్కన పెట్టమన్నాడు, అమ్మేవాడే.
మిగిలినదాంట్లో బేరమాడాను, టేపు చూపించి.
టేపుకి విడిగా డబ్బులడిగాడు.

ఆదివారం సెలవు పెట్టాను. ఎండిపోయిన వాగు.
క్లచ్ వదిలిన ప్రతిసారీ ఆగిపోయింది.
తొమ్మిది దాకా లెక్కపెట్టి మానేశాను.
తర్వాత ఎలాగో కదిలింది.
కింద గులకరాళ్లు దొర్లుతుంటే
హేండిల్‌ని బిగించి పట్టినవాళ్లే పడతారట.
ఇది తెలుసుకోవడానికి నాలుగుసార్లు పడ్డాను.
నాలుగోసారి వెంటనే లేవలేదు.
ఇసుకలో వెల్లకిలా ఉన్నాను,
పక్కన వేడి లోహం టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది.
దూరంగా, కింద, గని వంటశాల కిటికీ
గోరంత మెరిసింది.
అక్కణ్నుంచి ఎవరైనా చూస్తున్నారో లేదో.
నేను లేపిన దుమ్ము నా నోట్లోనే ఉంది.

సోమవారం ఎడమ చేతి వేళ్లు ముడవనంటున్నాయి.
పట్టు తప్పి గిన్నె ఒరిగి
క్రేన్ నడిపే ఎలియోదోరో కంచంలో
రెట్టింపు చిక్కుళ్లు పడ్డాయి.
ఏంటి సంగతని కళ్లతోనే అడిగాడు.
"తిను" అన్నాను.