మూడు గజాల చుట్టరికం

ఇబాదాన్‌లో రెండు రోజులుగా కరెంటు లేదు.
జనరేటర్ పొగలో కుడుతున్నాను
అరవై మూడు జాకెట్లు, అన్నీ ఒకే రంగు:
పండీ పండని బొప్పాయి లోపలి రంగు.

అషో ఎబి అంటాం. చుట్టాల బట్ట.
పెళ్లివారే ఎంచుతారు, వాళ్లే అమ్ముతారు,
కొన్నవాళ్లు చుట్టాలు.
ఆరు గజాలు కొంటే ముందు వరస, మేకమాంసం.
మూడు గజాలకి ఫ్యాను అందని చోటు, కోడి.
తలగుడ్డ ఒక్కటే కొన్నవాళ్లకి
ఫొటోలో తల ఉంటుంది.

పెళ్లికూతురి తల్లి అబియోనా
లేసు నా ముక్కుకి ఆనించి "ఆస్ట్రియా సరుకు" అంది.
అంచున చీటీ పీకేసిన పోగులు కనిపించాయి.
నేను చూడలేదు.
నా కూలిలో సగం చూడనందుకే.

నోటుబుక్కులో పేర్లుండవు నాకు, నడుములే.
ఒకామె ముప్పై ఆరు రాయమంది;
ముప్పై ఆరు రాసి, నలభై కుట్టాను.
ఒక పిల్ల కుట్టులోపల రెండంగుళాలు వదలమంది.
ఎందుకని అడగలేదు. మూడు వదిలాను.

శనివారం షామియానా బయట నిలబడ్డాను, బకాయి కోసం.
నాకు పిలుపు లేదు.
మాట్లాడే డప్పు డబ్బున్న పేర్లే పలుకుతోంది.
నుదుళ్ల మీద కొత్త నోట్లు అతికి, చెమటకి జారి,
గోనెసంచీ కుర్రాడి చేతికి చేరుతున్నాయి.

అప్పుడు చూశాను, చివరి వరసలో ఒకామెని.
మా రంగే. మా లేసు కాదు.
ఇంట్లో అద్దుకున్న నూలు;
గోళ్ల చుట్టూ ఇంకా బొప్పాయి మరక.
"కాస్త పక్కకి, అమ్మా" అన్నాడు ఫొటో అబ్బాయి.
జరిగింది. ఇంకాస్త అన్నాడు. జరిగింది,
రాణీగారు దారి ఇచ్చినట్టు.

నడుం దగ్గర చేతికుట్టు.
ముప్పై ఏళ్ల నా మెషిన్‌కి రాని కుట్టు.
పక్కన కూర్చుని అడిగాను, ఎవరి తరఫని.

"ఎవరి తరఫూ కాదు," అంది నెమ్మదిగా.
"పోయిన మంగళవారం నీ కొట్టు ముందు నడుస్తుంటే
తీగ మీద ఆరేసిన రంగు కనబడింది."

వడ్డించేవాడు రంగు చూశాడు, నేత చూడలేదు.
జొలోఫ్ అన్నం, మీద కోడికాలు.
మళ్లీ తిరిగొచ్చి ఇంకో కాలు.

అబియోనా నన్ను చూసి సోమవారం రమ్మంది.
ఏ సోమవారమో చెప్పలేదు.

లేవబోతుంటే ఆమె నా కొంగు పట్టుకుంది,
నోట్లో ఎముక తియ్యకుండానే:
"వచ్చే శనివారం ఏ రంగు?"