గారె చిల్లు

బల్లారట్‌లో ఒకప్పుడు ఎక్కడ తవ్వినా బంగారమేనట.
నాకు పడినవి నీటికాసులు.
చిన్నప్పుడు అమ్మమ్మ నోట ఆ మాట విని
ఎవరో చెరువులో దాచుకున్న డబ్బనుకున్నాను.

మొదట పోయింది ఒక స్కూటర్.
స్కూలు ముందు ఆగు పలక పట్టుకుని నిలబడే పని నాది,
నారింజ కోటు, మెళ్లో ఈల, తొమ్మిదేళ్ల అనుభవం.
టిల్లీ అనే ఏడేళ్ల పిల్ల
ఊదారంగు స్కూటర్ మీద ఎడమ నుంచి వచ్చి
నా మోకాలికి తగిలేదాకా లేదు.
చీకటిగా కూడా లేదు. చీకటైతే తెలిసేది.
అక్కడ రోడ్డే ఉంది, ఖాళీగా, నున్నగా,
మెదడు అతుకేసి ఇచ్చిన రోడ్డు.

"సారీ మిస్టర్ కొండల్" అంది టిల్లీ.
ఆ సారీ ఎవరిదో ఇంటికెళ్లాక అర్థమైంది.
శుక్రవారం పలక కౌన్సిల్ ఆఫీసులో అప్పగించాను.
ఈల అడగలేదు వాళ్లు. నేనూ ఇవ్వలేదు.

డాక్టర్ పెట్రీ తెర మీద నా కన్ను వేసింది.
ఎర్రటి నేల, పాయలు పాయలుగా నెత్తురు,
ఆ పాయలన్నీ మొదలయ్యేచోట గుండ్రంగా వెలుగుతూ
"గారె" అన్నాను, పైకే, తెలుగులోనే.
హైమ నా చెయ్యి గిల్లింది.
కానీ గారే. చిల్లుతో సహా.
అంచంతా నరం, చిల్లు ఉత్త గుంట.
కుడికంటి గారె బొద్దుగా, చూడముచ్చటగా ఉంది.
ఎడమది చెయ్యి తిరగనివాళ్లు తట్టినట్టు
చిల్లే ఎక్కువ, పిండి తక్కువ.
పైఅంచు మరీ దారమంత.
పైన పల్చబడితే కింది చూపు పోతుందట,
కంట్లో అంతా తలకిందులే.
స్కూటర్లు నడిచేది కిందే కదా.

ఒత్తిడి ముప్ఫై ఒకటి.
లోపలి నీరు పోయే దారి పూడుకుని
వెనక గోడను నెడుతోంది, ఏళ్ల తరబడి,
నొప్పి పెట్టే మర్యాదైనా లేకుండా.
ఆ గోడలో ఒక జల్లెడ.
దాని కన్నాల్లోంచే పది లక్షల దారాలు మెదడుకి పోతాయి.
జల్లెడ వంగింది. దారాలు నలిగాయి.

చుక్కలు చాలలేదు.
జులైలో, గడ్డి మీద మంచు గట్టిపడిన పొద్దున,
పైరెప్ప చాటున చిన్న తూము తెరిచారు.
పన్నెండుకి దిగింది.

నవంబర్‌లో రెండు ఫొటోలు పక్కపక్కన.
హైమే ముందు చూసింది, గారెలు వేసే మనిషి కదా.
"చిల్లు తగ్గిందండీ!"
నిజమే. వేలితో నొక్కిన పిండి
వేలు తీశాక మెల్లగా పొంగినట్టు
గుంట కాస్త పూడింది.
నాకు ఒళ్లంతా ఈల వేయాలనిపించింది.

తర్వాత గడ్డం ఆనించి మిణుకులు లెక్కపెట్టే పరీక్ష.
కనపడినప్పుడల్లా బొత్తాం నొక్కాలి.
కనపడనప్పుడు నొక్కబుద్ధవుతుంది, అది వేరే సంగతి.
కాగితం వచ్చింది. పాత నలుపు పాతచోటే.
ఒక చుక్క అటూ ఇటూ లేదు.

పెట్రీ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.
ఒత్తిడి తగ్గాక జల్లెడ కాస్త లేచిందట,
అందుకే ఫొటో బాగుంది.
తెగిన దారాలు లేవవు.
నలిగి ఇంకా ప్రాణమున్నవి ఉంటే, బహుశా, ఊపిరి తీసుకుంటాయి.
"మిగిలినదాన్ని మిగుల్చుకుందాం" అంది.
బహుశా అన్నచోట ఆవిడ గొంతు తగ్గింది,
అందుకే నమ్మాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి కుడికంట్లో చుక్క.
ముక్కు పక్కన వేలు పెట్టి రెండు నిమిషాలు
కళ్లు మూసుకుని కూర్చుంటాను.
ఆ కాసేపూ లోపలెక్కడో
ఎవరో నారింజ కోటు వేసుకుని
పలక ఎత్తి నిలబడినట్టుంటుంది.

ఆదివారం హైమ మినప్పప్పు రుబ్బింది.
పళ్లెంలో గారెలు, ఒక్కదానికీ చిల్లు లేదు.
"లోపల ఉడకదే" అన్నాను.
"తినండి" అంది, నా ఎడమవైపు నుంచి.
తల పూర్తిగా తిప్పి ఆవిణ్ణి చూసి
పచ్చిపచ్చిగా ఉన్నా
నాలుగూ తిన్నాను.