తొడిమల కాలం

ఫిబ్రవరి నుంచి మే దాకా
మా ఇంట్లో అన్నం కలిపేది నేనే.

ఆ నాలుగు నెలలూ రాహేలు చేతులు రాహేలువి కావు,
యార్డువి.
పొద్దున్నే షేరాటో ఎక్కి పోతాయి,
పొద్దుగూకే దాకా తేజ కాయల తొడిమలు తుంచుతాయి
కిలోకి ఇంతని.
ఇంటికొచ్చాక కొబ్బరినూనె పూసుకుని
ఆమె మోకాళ్ళ మీద వెల్లకిలా పడుకుంటాయి.
ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు,
పిల్ల ముక్కు తుడవకూడదు,
ముద్ద కలపకూడదు.
కలిపితే వేడన్నం గోళ్ళ సందుల్లో దూరి
మళ్ళీ నిప్పు రాజేస్తుంది.

నాకు వంట రాదు. రాదంటే, అప్పట్లో.
మొదటి ఏడు మాడిందంతా వంక పెట్టకుండా తిన్నారు ఇద్దరూ.
పక్కింటి మస్తాన్‌బీ మాత్రం
గోడవతల నుంచి దగ్గింది.
పాఠాలన్నీ ఆ గోడ మీంచే వచ్చాయి:
పెసరపప్పు వేయించి కడుగు, కడిగి వేయించకు.
బీరకాయ కొనేముందు కొన కొరికి చూడు,
ఒక్క చేదుకాయ చాలు గిన్నెడు పప్పుకి.
చారుకి చింతపండు నిమ్మకాయంత ఎందుకయ్యా,
ఉసిరికాయంత చాలదూ?

ఎనిమిదింటికల్లా నేను ఏటీఎం ముందు
ఇనప కుర్చీలో ఉండాలి.
అందుకని ఆరున్నరకే పొయ్యి మీద రెండు గిన్నెలు.
ఒకదాంట్లో నాలుగుసార్లు కడిగిన రేషన్ బియ్యం.
ఇంకోదాంట్లో పప్పూ బీరకాయా, చిటికెడు పసుపు,
దించే ముందు జీలకర్ర, వెల్లుల్లి,
ఎండుమిరపకాయ లేని తాలింపు.

అవును, గుంటూర్లోనే.
బస్సు ఊళ్ళోకి రాగానే
కొత్తవాళ్ళు తుమ్మే ఊళ్ళోనే.
టిక్కీల లారీలు మా సందు మొగ దాటుకుంటూ
ఏ దేశాలకో పోతుంటాయి,
మా పోపులో నాలుగు మిరియపు గింజలు.
కారం డబ్బా అటకెక్కించాను.
"పొద్దస్తమానం ముక్కుతో తింటూనే ఉన్నాగా"
అంటుంది రాహేలు.

బళ్ళో కెజియా టిఫిను డబ్బా తెరిస్తే
పచ్చటి పప్పన్నం.
ఏమే, జ్వరమొచ్చిందా, అన్నారట.
గుంటూరు పిల్లవేనా, అన్నారట.
మూడు రోజులు డబ్బా వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది.
నేనేమీ అనలేదు. ఏమనాలో తెలీక.

రోజూ పిల్ల పడుకున్నాక జరిగేది
ఆ రాత్రి పొద్దున్నే అయిపోయింది, డ్యూటీ ముందుకు జరిపారు.
తలుపు సగం మూశాను.
రాహేలు పీట మీద కూచుని
రెండు చేతులూ వీపు వెనక దాచుకుని
సిగ్గుపడుతూ నోరు తెరిచింది.
ఊదాను, పెట్టాను.
రెండో ముద్దకి ఎప్పటి తీర్పే:
"ఉప్పు."
ఎక్కువో తక్కువో చెప్పదు,
మొహం చూసి నేనే తెలుసుకోవాలి.
పప్పు అయింది, చారు అయింది,
మజ్జిగన్నం దగ్గరికొచ్చేసరికి
పొద్దుట్నుంచీ బిగపట్టిన భుజాలు
కిందికి దిగాయి.

కెజియా లెక్కల పుస్తకం మూసింది.
వచ్చి అమ్మ పక్కన చతికిలబడి
తనూ చేతులు వెనక్కి పెట్టుకుని
నోరు తెరిచింది, పదకొండేళ్ళ పిల్ల.
ఒక ముద్ద అటు, ఒక ముద్ద ఇటు.
అడుగున మిగిలింది నిలబడే తిని
సైకిలెక్కాను, పది నిమిషాలు ఆలస్యం.
మర్నాడు డబ్బా ఖాళీగా వచ్చింది.
ఎవరికి పెట్టిందో ఏమో, అడగలేదు.

యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చిన నాడు
రాహేలు కొంగున తాలుకాయలు తెచ్చింది,
రంగు చచ్చినవి, బేరం పలకనివి.
చేతులు తనవయ్యే దాకా వారం ఆగి
మస్తాన్‌బీ రోట్లో దంచింది.
వేడన్నం, కారం, నువ్వులనూనె
తన చేత్తో కలిపి
మొదటి ముద్ద నాకు పెట్టింది.

నాలుగు నెలలు చప్పిడి తిన్న నాలుక.
కెజియా ఒకటే నవ్వు, నీళ్ళచెంబు ఇవ్వదు.
"ఉప్పు," అన్నాను, ఎలాగో.
ఎక్కువో తక్కువో
రాహేలు నా మొహం చూసి తెలుసుకుందామంటే
మొహమంతా నీళ్ళే.