ఇది బాగుందా, అది బాగుందా

పూర్ణా మార్కెట్ సందులో, కళ్లజోళ్ల షాపులో
ఇరవై రెండేళ్లుగా నేనడిగేది ఒకటే ప్రశ్న:
ఇది బాగుందా, అది బాగుందా?
ఎర్ర గడిలో అక్షరాలు నల్లగా ఉన్నాయా, ఆకుపచ్చ గడిలోనా?
తప్పు చెబుతామేమోనని చాలామందికి భయం.
పరీక్ష తమకే అనుకుంటారు.
నిజానికి పరీక్ష అద్దానికి.

మధ్యాహ్నం పోర్టు వైపు నుంచి బొగ్గు పొడి వస్తుంది.
షోకేసులో ఇంకా ఎవరూ కొనని చూపులన్నీ
సాయంత్రానికి మసకబారతాయి.
గుడ్డతో తుడుస్తాను.
ఊరు కొంచెం గుడ్డలోకి వస్తుంది.

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీ గోడ మీద
తెడ్డు పరసన్న బొమ్మ వేశాడంటే వెళ్లాను.
పడవలకి పేర్లు రాసే పరసన్న.
జోడు నా దగ్గరే చేయించుకున్నాడు,
ఎడమ కన్ను మైనస్ నాలుగు, బాకీ ఇంకా రెండొందలు.

గోడంతా చీలికలు పేలికలు.
ఒకచోట తెగిన నీలం
డ్రెయిన్ పైపు మీంచి ఎగబాకి
కరెంటు మీటరు పెట్టె మీద తేలింది.
ఇదేం బొమ్మ అనబోయాను.
"అక్కడ నిలబడండి" అన్నాడు.
నేల మీద పసుపు రంగుతో రెండు పాదాలు.
నా చెప్పులు వాటిలో పెట్టి ఒక కన్ను మూశాను.

గోడ లేదు.
ఏడు మెట్లు. ఏడోది నీళ్లలో.
నాచు పట్టిన రాతి చల్లదనం అరికాలికి ముందే తెలిసింది.
తెలిసి తెలిసీ ఒక అడుగు వేశాను.
మోకాలికి ఇటుక తగిలింది.
నొప్పి మాత్రం
ఎటునుంచి చూసినా నొప్పిలాగే ఉంది.

గోడవార ఎండుచేపల గంప ముందు
గరికిన ఎల్లమ్మ పకపకా నవ్వింది.
"పొద్దుట్నించీ నువ్వు పదకొండో వోడివి, బావూ.
మెట్లంట! నాకేటీ అగుపడనేదు.
నా పీట కాడ్నించి సూడు."

పీట పక్కన గొంతుక్కూర్చున్నాను.
మెట్లు లేవు.
ఆమె వేలు పెట్టి చూపించింది, రంగు లేని చోట.
గోడ అడుగున ఉప్పు పొక్కి, పెచ్చులూడి,
తడి పైకి పాకుతోంది.
"నిరుడు ఇంకో జానెడు కిందికుండీది."
సముద్రం అటువైపు నుంచి
మెట్టు మెట్టుగా ఎక్కుతోంది.

పరసన్న జోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు,
అలా తుడవొద్దని ఎన్నిసార్లు చెప్పానో.
మళ్లీ పెట్టుకుని, వంగి చూసి,
"అది నేను వెయ్యలేదు" అన్నాడు.

తిరిగొస్తూ కొండవైపు చూశాను.
దానికి డాల్ఫిన్ ముక్కని పేరు పెట్టినవాడు
ఏ ఓడ మీదో నిలబడి ఉండాలి.
ముక్కు కింద పుట్టినవాళ్లకి అది కొండే,
మబ్బు దిగిన పూట అదీ కాదు.
ఆ ఓడవాడి పాదాల కింద
పసుపు గుర్తులు ఎవరు వేశారో.

మర్నాడు సింధియా నుంచి ఒక పెద్దాయన,
షిప్‌యార్డులో వెల్డింగు చేసి రిటైరైన మనిషి,
గడ్డం స్టాండుకి ఆనించి కూర్చున్నాడు.
ఇది బాగుందా, అది బాగుందా?
"రెండూ ఒకలాగే ఉన్నాయండి" అన్నాడు, తప్పు చేసినట్టు.

ఎన్నడూ లేనిది
కుర్చీని ఒక జానెడు కిందికి దించి
మళ్లీ అడిగాను.